మిల్లుల నేల, రైలు దారి, ఆఫీసు అద్దె: ముంబయి లోయర్ పరేల్ ఆధారంగా ఒక పరిశీలన

సారాంశం

ఒకప్పుడు కర్మాగారాలతో నిండిన నగర వాడలు నేడు కార్యాలయ కేంద్రాలుగా మారుతున్నాయి. రైలు, మెట్రో స్టేషన్లకు దగ్గరగా ఉండడం వీటికి ప్రధాన ఆకర్షణ. ఇటువంటి వాడలో కార్యాలయ స్థలాన్ని అద్దెకు తీసుకోవడం పైకి సాధారణ వ్యాపార లావాదేవీగానే కనిపిస్తుంది. ఆ అద్దె వెనుక భూవినియోగ చట్టాలు, కార్మిక చరిత్ర, ప్రజాధనంతో ఏర్పడిన రవాణా వ్యవస్థ, కట్టడ భద్రత ముడిపడి ఉన్నాయి. ముంబయిలోని లోయర్ పరేల్ ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకొని అద్దె ఏర్పడే తీరును, విస్తీర్ణపు లెక్కను, ఒప్పంద స్వరూపాన్ని, స్టేషను సామీప్యానికి గల నిజమైన విలువను ఈ వ్యాసం వివరిస్తుంది. హైదరాబాదులోని పాత పారిశ్రామిక వాడలకు ఈ అనుభవం ఎంతవరకు అన్వయిస్తుందో చివరి భాగం చర్చిస్తుంది.

కీలక పదాలు: మిల్లు భూములు, లోయర్ పరేల్, కార్యాలయ అద్దె, లీవ్ అండ్ లైసెన్స్, రవాణా సామీప్యం, అద్దె అంతరం, అజామాబాద్.

1. ఉపోద్ఘాతం

నగరం పెరిగే క్రమంలో పరిశ్రమ మొదట ఊరి అంచున స్థిరపడుతుంది. ముడిసరుకు రావడానికి, తయారైన సరుకు పోవడానికి రైలుమార్గం పక్కనే స్థలం వెతుక్కుంటుంది. కొన్ని దశాబ్దాలకు ఊరు ఆ అంచును దాటి విస్తరిస్తుంది. అంచున ఉన్న కర్మాగారం నడిబొడ్డుకు చేరుతుంది. ఆ తరువాత పరిశ్రమ మూతబడినా రైలుమార్గం అక్కడే ఉంటుంది. పాత పారిశ్రామిక వాడ, రవాణా సౌకర్యం అనే రెండు లక్షణాలు చాలా నగరాలలో ఒకేచోట కనిపించడానికి కారణం ఇదే. సరుకు కోసం వచ్చిన రైలు మనుషులను మోయడం మొదలుపెట్టినప్పుడు ఆ నేల విలువ మారిపోతుంది.

ముంబయిలో ఈ పరిణామం స్పష్టంగా కనిపిస్తుంది. లోయర్ పరేల్, పరేల్, వర్లీ, లాల్‌బాగ్, భాయ్‌ఖళా ప్రాంతాలను కలిపి మరాఠీలో 'గిరణ్‌గావ్' అంటారు. గిరణి అంటే మిల్లు. తెలంగాణ పల్లెల్లో పిండిమరను ఈనాటికీ 'గిర్ని' అనే పిలుస్తారు. మాటలోని ఈ చుట్టరికం మనుషుల మధ్య కూడా ఉంది. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ ప్రాంతాల నుంచి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు ముంబయి నూలుమిల్లుల్లో పనిచేశాయి. కామాఠీపురా పేరు నిజాం రాజ్యం నుంచి వెళ్లిన కామాఠీ కూలీల నుంచి వచ్చింది. కనుక నేడు గాజు అద్దాల కార్యాలయాలు లేచిన ఆ నేల తెలుగువారి శ్రమ చరిత్రలో కూడా ఒక భాగం.

2. గిరణ్‌గావ్: ఉదయం, అస్తమయం

కావస్‌జీ దావర్ 1854లో స్థాపించిన బాంబే స్పిన్నింగ్ అండ్ వీవింగ్ కంపెనీ ముంబయి నగరపు తొలి నూలుమిల్లు. తార్‌దేవ్‌లో దాని ఉత్పత్తి 1856లో మొదలైంది. తరువాతి అర్ధశతాబ్దంలో మిల్లులు నగరపు ఉత్తర అంచున వరుసగా వెలిశాయి. వాటికి అటూ ఇటూ నేటి పశ్చిమ, మధ్య రైల్వేల మార్గాలు సాగాయి. కార్మికులు మిల్లు గోడను ఆనుకొని ఉన్న చాల్‌లలో నివసించేవారు. భోంగా మోగగానే నడిచి పనికి వెళ్లగలిగే దూరంలోనే వారి ఇళ్లు ఉండేవి. ఈ అంశం తరువాతి చర్చకు చాలా ముఖ్యమైనది.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు పాల్గొన్నారు. ఆ సమ్మెకు లాంఛనమైన ముగింపు లేదు. మిల్లులు ఒక్కొక్కటిగా పూర్తిగానో పాక్షికంగానో మూతబడ్డాయి. మిల్లుల క్షీణతకు సమ్మె ఒక్కటే కారణమనలేము. పాతబడిన యంత్రాలు, మరమగ్గాల పోటీ, ఉత్పత్తి భివండీ వంటి చోట్లకు తరలడం అప్పటికే ప్రభావం చూపుతున్నాయి. సమ్మె తరువాత మాత్రం మిల్లు యజమానికి యంత్రం కన్నా నేల విలువైన ఆస్తిగా మారింది.

3. నేల చేతులు మారిన క్రమం

మిల్లు భూముల మొత్తం విస్తీర్ణం సుమారు 600 ఎకరాలు. ఇంత నేల ఒకేసారి నగర మధ్యంలో ఖాళీ కావడం అరుదు. 1991 నాటి ముంబయి అభివృద్ధి నియంత్రణ నిబంధనల్లోని 58వ నిబంధన దీనికి ఒక పద్ధతి ఏర్పరచింది. మిల్లు భూమిని పునరభివృద్ధి చేస్తే అందులో ఒక భాగం బహిరంగ స్థలాల కోసం నగరపాలక సంస్థకు, ఒక భాగం ప్రజాగృహాల కోసం గృహనిర్మాణ సంస్థ మ్హాడాకు ఇచ్చి, మిగిలిన భాగాన్ని యజమాని వాడుకోవాలన్నది దాని సారం. స్థూలంగా దీనిని మూడో వంతు సూత్రం అన్నారు. 1996లో చార్లెస్ కొరియా అధ్యక్షతన ఏర్పడిన అధ్యయన బృందం మిల్లు భూములను విడివిడి ముక్కలుగా చూడరాదని, కలిపి ప్రణాళిక వేయాలని సూచించింది.

2001లో ఆ నిబంధనను సవరించారు. పంచవలసిన భూమిని లెక్కించేటప్పుడు మిల్లు ప్రాంగణం మొత్తాన్ని కాక, కట్టడాలు లేని ఖాళీ స్థలాన్ని మాత్రమే పరిగణనలోకి తీసుకోవచ్చునని ఆ సవరణ చెప్పింది. మిల్లు ప్రాంగణాల్లో అధికభాగం షెడ్లతో నిండి ఉంటుంది. కనుక నగరానికి, ప్రజాగృహాలకు దక్కే వాటా బాగా తగ్గిపోయింది. దీనిని సవాలు చేస్తూ వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో బొంబాయి హైకోర్టు 2005 అక్టోబరులో పిటిషనర్లకు అనుకూలంగా తీర్పు ఇచ్చింది. 2006 మార్చి 7న సుప్రీంకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చి 2001 సవరణను సమర్థించింది.

ఇదే కాలంలో నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ తన మిల్లు భూములను వేలం వేసింది. లోయర్ పరేల్‌లోని ముంబయి టెక్స్‌టైల్ మిల్లు భూమి, సుమారు 17 ఎకరాలు, 2005లో 702 కోట్ల రూపాయలకు అమ్ముడైంది. 2012లో అదే భూమి 2,727 కోట్ల రూపాయలకు మరొక సంస్థ చేతికి వెళ్లింది. ఏడేళ్లలో ధర దాదాపు నాలుగు రెట్లయింది. ఈ పెరుగుదల ఆ నేలపై పండిన పంట వల్ల వచ్చినది కాదు, నేసిన బట్ట వల్ల వచ్చినదీ కాదు. అనుమతులు, చుట్టూ పెరిగిన నగరం, దగ్గరి రైల్వే స్టేషన్లు కలిసి తెచ్చిన విలువ అది. కార్యాలయ అద్దెలో ఈ విలువే నెలవారీ రూపం ధరిస్తుంది.

4. అద్దె ఏర్పడే తీరు: సిద్ధాంత నేపథ్యం

ఈ పరిణామాన్ని అర్థం చేసుకోవడానికి మూడు భావనలు తోడ్పడతాయి. మొదటిది డేవిడ్ రికార్డో 1817లో వివరించిన తారతమ్య కౌలు. నేలల మధ్య ఉన్న తేడా వల్ల కలిగే అదనపు ఆదాయం యజమానికి కౌలుగా చేరుతుందని ఆయన వాదన. పొలానికి సారం ఎటువంటిదో కార్యాలయానికి స్థానం అటువంటిది. రెండవది విలియం అలాన్సో 1964లో నగర భూమికి అన్వయించిన వేలం-అద్దె సిద్ధాంతం. కేంద్రానికి దగ్గరగా ఉండడం వల్ల ఎక్కువ లాభపడే వినియోగదారు ఎక్కువ అద్దె ఇవ్వడానికి సిద్ధపడి, తక్కువ ఇవ్వగలిగినవారిని దూరంగా నెట్టివేస్తాడు. నూలుమిల్లుకు ఎకరాల కొద్దీ నేల కావాలి. ఆర్థిక సేవల సంస్థ అదే నేలపై ఇరవై అంతస్తులలో వెయ్యి మందిని కూర్చోబెట్టగలదు. చదరపు అడుగుకు ఎవరు ఎక్కువ ఇవ్వగలరో చెప్పనవసరం లేదు.

మూడవది నీల్ స్మిత్ 1979లో ప్రతిపాదించిన అద్దె అంతరం. ప్రస్తుత వినియోగం వల్ల నేల నుంచి వస్తున్న రాబడికి, అత్యుత్తమ వినియోగం వల్ల రాగల రాబడికి మధ్య ఉన్న తేడాయే ఆ అంతరం. అది తగినంత పెరిగినప్పుడు పెట్టుబడి తిరిగి ఆ వాడకు వస్తుంది. మూతబడిన మిల్లు నుంచి వచ్చే రాబడి దాదాపు శూన్యం. పక్కనే రెండు రైలుమార్గాలు. అంతరం గరిష్ఠ స్థాయికి చేరడానికి ఇంతకన్నా అనువైన స్థితి ఉండదు.

వీటికి పూరకంగా జేన్ జేకబ్స్ 1961లో చెప్పిన పరిశీలన ఒకటుంది. కొత్త ఆలోచనలకు పాత కట్టడాలు అవసరమని ఆమె అభిప్రాయం. కొత్త కట్టడపు ఖర్చును భరించలేని చిన్న సంస్థలు పాత కట్టడాల చవక అద్దెలోనే నిలదొక్కుకుంటాయి. లోయర్ పరేల్‌లో కొంతకాలం జరిగింది అదే. ఫ్యాషన్, ప్రకటనలు, రూపకల్పన, ప్రసార రంగాలకు చెందిన సంస్థలు మిల్లు షెడ్లలో అద్దెకు చేరాయి. వాటి రాకతో వాడకు పేరు వచ్చింది. ఆ పేరుతో అద్దె పెరిగింది. వాడకు ఆకర్షణ తెచ్చినవారే ఆ ఆకర్షణకు ధర చెల్లించలేక వెళ్లిపోవలసిన స్థితి ఇటువంటి వాడలలో తరచు కనిపిస్తుంది.

5. రెండు తరహాల కార్యాలయాలు

లోయర్ పరేల్‌లో అద్దెకు దొరికే స్థలం స్థూలంగా రెండు తరహాలు. మొదటిది పాత ప్రాంగణాల్లోని మార్చిన కట్టడాలు. కమలా మిల్స్, మథురాదాస్ మిల్స్ వంటి ప్రాంగణాలు మిల్లు పేరుతోనే కార్యాలయ సముదాయాలుగా కొనసాగుతున్నాయి. రెండవది మిల్లును పూర్తిగా తొలగించి కట్టిన బహుళ అంతస్తుల భవనాలు. జూపిటర్, ఎల్ఫిన్‌స్టన్ మిల్లుల స్థలాల్లో లేచిన కార్యాలయ గోపురాలు ఇందుకు ఉదాహరణలు.

పాత నూలుమిల్లు కట్టడానికి కొన్ని సహజ గుణాలున్నాయి. ఉత్తర దిక్కు వెలుతురు పడేలా రంపపు పళ్ల ఆకారంలో కట్టిన పైకప్పు, ఎత్తైన గది, భారీ యంత్రాలను మోసిన గట్టి నేల కార్యాలయానికి కూడా ఉపయోగపడతాయి. లోపాలు కూడా అంతే సహజం. మగ్గాల కోసం కట్టిన షెడ్డులో వందల మంది ఒకేసారి బయటపడే మార్గాలు ఉండకపోవచ్చు. విద్యుత్ సామర్థ్యం, శీతలీకరణ, మరుగుదొడ్లు, నీటి పారుదల అన్నీ తరువాత అతికించినవే. పైకప్పులో ఆస్‌బెస్టాస్ ఉందా, లోపల ఎత్తును విభజించి వేసిన మెజనైన్ అంతస్తుకు అనుమతి ఉందా అనేవి ఒప్పందానికి ముందే తేల్చుకోవలసిన ప్రశ్నలు. గోపురంలో ఈ సౌకర్యాలు ప్రణాళికలోనే ఉంటాయి. వాటి ఖర్చు అద్దెలోనూ, నిర్వహణ రుసుములోనూ తిరిగి కనిపిస్తుంది.

6. విస్తీర్ణపు లెక్క

కార్యాలయ అద్దెను చదరపు అడుగుకు నెలకు ఇన్ని రూపాయలని చెబుతారు. ఏ చదరపు అడుగు అన్నదే అసలు ప్రశ్న. గోడల మధ్య వాడుకోదగిన స్థలం కార్పెట్ ఏరియా. గోడల మందాన్ని కలిపితే బిల్టప్ ఏరియా. మెట్లు, లిఫ్టులు, ముందు హాలు వంటి ఉమ్మడి భాగాల వాటాను కూడా కలిపితే సూపర్ బిల్టప్ ఏరియా. అద్దెను సాధారణంగా ఈ చివరి లెక్కపైనే వసూలు చేస్తారు. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం అమ్మకాలకు కార్పెట్ ఏరియాను ప్రమాణం చేసింది. కార్యాలయ అద్దె మార్కెట్‌లో మాత్రం పాత అలవాటు కొనసాగుతోంది.

దీని ప్రభావాన్ని ఒక ఊహాత్మక ఉదాహరణతో చూడవచ్చు. గోపురంలో చదరపు అడుగుకు అద్దె రూ.160, నిర్వహణ రుసుము రూ.20 అనుకుందాం. మొత్తం రూ.180. వాడుకోదగిన స్థలం లెక్కించిన విస్తీర్ణంలో 60 శాతమైతే, నిజంగా వాడే ప్రతి చదరపు అడుగుకు పడే ఖర్చు రూ.300. పాత ప్రాంగణంలో అద్దె రూ.138, నిర్వహణ రూ.12, వాడుకోదగిన స్థలం 75 శాతం అనుకుంటే అదే ఖర్చు రూ.200. చెప్పిన అద్దెల మధ్య తేడా సుమారు 16 శాతం. నిజమైన ఖర్చుల మధ్య తేడా 50 శాతం. కొలత మారితే బేరం స్వరూపమే మారుతుందనడానికి ఈ అంకెలు చాలు.

ఈ లెక్కకు మరి మూడు అంశాలు చేర్చాలి. మొదటిది అద్దె పెంపు. మూడేళ్లకు ఒకసారి 15 శాతం పెంచడం వాడుకలో ఉన్న పద్ధతి. ఐదేళ్ల ఒప్పందంలో చివరి రెండేళ్లకు ఆ పెంపు వర్తిస్తే సగటు అద్దె మొదటి అద్దె కన్నా 6 శాతం ఎక్కువవుతుంది. రెండవది జీఎస్టీ. వాణిజ్య స్థలం అద్దెపై 18 శాతం పన్ను ఉంది. పన్ను పడే సేవలు అందించే సంస్థకు అది తిరిగి జమ అవుతుంది. పన్ను మినహాయింపు ఉన్న విద్య, వైద్య సేవల సంస్థలకు అది నికరమైన ఖర్చు. మూడవది లోపలి అమరికల వ్యయం. ఖాళీ గోడలతో ఇచ్చిన స్థలంలో గదులు, తీగలు, శీతలీకరణ ఏర్పాటు చేసుకోవలసింది అద్దెదారే. ఒప్పందం ముగిశాక వాటిని తొలగించి స్థలాన్ని పూర్వస్థితిలో అప్పగించాలన్న షరతు ఉంటే ఆ ఖర్చు రెండుసార్లు పడుతుంది.

7. ఒప్పంద స్వరూపం: లీజు, లైసెన్సు

ముంబయి కార్యాలయ మార్కెట్‌లో లీజు కన్నా లీవ్ అండ్ లైసెన్స్ ఒప్పందం ఎక్కువగా కనిపిస్తుంది. ఈ రెండింటి మధ్య తేడా చట్టపరంగా ప్రధానమైనది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 105వ సెక్షన్ ప్రకారం లీజు అంటే స్థిరాస్తిని అనుభవించే హక్కును బదిలీ చేయడం. అదే ఏడాది వచ్చిన భారత ఈజ్‌మెంట్ల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం లైసెన్సు అంటే కేవలం అనుమతి. ఆస్తిలో ఏ హక్కూ బదిలీ కాదు. పత్రంపై రాసిన పేరును బట్టి కాక, దాని సారాన్ని, పక్షాల ఉద్దేశాన్ని బట్టి ఒప్పందం ఏదో నిర్ణయించాలని 1959లో అసోసియేటెడ్ హోటల్స్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

యజమానులు లైసెన్సును ఇష్టపడడానికి చారిత్రక కారణం ఉంది. అద్దె నియంత్రణ చట్టాల కింద ఒకసారి ప్రవేశించిన అద్దెదారును ఖాళీ చేయించడం ముంబయిలో తరాల తరబడి కష్టంగా ఉండేది. 1999 నాటి మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం బ్యాంకులు, ప్రభుత్వ రంగ సంస్థలు, బహుళజాతి సంస్థలతో పాటు కోటి రూపాయలు, అంతకు మించి చెల్లించిన మూలధనం ఉన్న కంపెనీలను తన రక్షణ నుంచి మినహాయించింది. పెద్ద కంపెనీకి ఆ చట్టం ఎలాగూ వర్తించదు. చిన్న సంస్థకు వర్తించే అవకాశం ఉన్నందువల్లనే యజమాని లైసెన్సు కోరతాడు. అదే చట్టంలోని 55వ సెక్షన్ ప్రకారం లైసెన్సు ఒప్పందాన్ని కూడా రాతపూర్వకంగా చేసి రిజిస్టర్ చేయించాలి. ఆ బాధ్యత యజమానిది. అరవై నెలలు మించని లైసెన్సుకు మహారాష్ట్రలో స్టాంపు సుంకం తక్కువ. ఐదేళ్ల గడువు అంత సాధారణం కావడానికి ఇది ఒక కారణం.

ఈ స్వరూపం వల్ల కలిగే పరిణామాలు ఆచరణలో తెలుస్తాయి. అగ్ని ప్రమాదం, వరద వంటి వాటివల్ల ఆస్తిలో ముఖ్యభాగం నాశనమైనా శాశ్వతంగా పనికిరాకుండా పోయినా లీజును రద్దు చేసుకునే అవకాశాన్ని ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్ అద్దెదారుకు ఇస్తుంది. లైసెన్సుదారు అటువంటి రక్షణను ఒప్పందంలోనే రాయించుకోవాలి. లాక్-ఇన్ గడువు విషయంలో కూడా జాగ్రత్త అవసరం. ఆ గడువులో ఖాళీ చేస్తే మిగిలిన నెలల అద్దె చెల్లించాలనే షరతు సాధారణం. చిన్న సంస్థకు అది మొత్తం మూలధనాన్నే మింగవచ్చు.

పాత మిల్లు ప్రాంగణాల్లో మరొక చిక్కు ఉంది. భూమి ఒకరిది, కట్టడం మరొకరి లీజులో, లోపలి స్థలం మూడో వ్యక్తి లైసెన్సులో ఉండవచ్చు. గొలుసులో చివరివారికి దక్కేది తమ ముందువారికి ఉన్న హక్కుకు మించి ఉండదు. అందువల్ల మూలహక్కు ఎవరిది, కిందివారికి ఇచ్చే అధికారం రాతలో ఉందా, ఆస్తిపై బ్యాంకు తనఖా ఉంటే బ్యాంకు సమ్మతి ఉందా అనేవి పత్రాల ద్వారా నిర్ధారించుకోవాలి.

8. స్టేషను సామీప్యం: దూరం, సామర్థ్యం

కార్యాలయ ప్రకటనల్లో స్టేషను ఇన్ని నిమిషాల నడక అని రాస్తారు. లోయర్ పరేల్ ఈ విషయంలో అదృష్టవంతమైన వాడ. పశ్చిమ మార్గంలో లోయర్ పరేల్, ప్రభాదేవి స్టేషన్లు, మధ్య మార్గంలో కర్రీ రోడ్, పరేల్ స్టేషన్లు దగ్గరదగ్గరగా ఉన్నాయి. నగరపు రెండు ప్రధాన మార్గాల నుంచి ఉద్యోగులు రాగలరు. 2025 మేలో ఆచార్య ఆత్రే చౌక్ వరకు, అదే ఏడాది అక్టోబరులో కఫ్ పరేడ్ వరకు తెరుచుకున్న భూగర్భ మెట్రో మూడవ మార్గం వర్లీ వైపు నుంచి మరొక ద్వారం తెరిచింది.

అయితే దూరం, సామర్థ్యం వేర్వేరు విషయాలు. మిల్లుల కాలంలో కార్మికుడు చాల్ నుంచి నడిచి పనికి వెళ్లాడు. స్టేషనుపై పడే భారం పరిమితం. కార్యాలయాల కాలంలో ఉద్యోగి విరార్ నుంచో, డోంబివలి నుంచో రైలులో వస్తాడు. నేల వినియోగం మారింది, పనివారి నివాసం మారింది, స్టేషను మెట్లు మాత్రం చాలాకాలం మారలేదు. 2017 సెప్టెంబరు 29 ఉదయం నాటి ఎల్ఫిన్‌స్టన్ రోడ్, నేటి ప్రభాదేవి స్టేషనును పరేల్‌తో కలిపే ఇరుకైన పాదచారుల వంతెనపై వర్షం వేళ జరిగిన తొక్కిసలాటలో 23 మంది మరణించారు. సైన్యం సహాయంతో నిర్మించిన కొత్త వంతెన 2018 ఫిబ్రవరిలో తెరుచుకుంది. మిల్లు భూములపై కట్టడాలకు అనుమతులు ఇచ్చిన వేగానికి, స్టేషనును విస్తరించిన వేగానికి మధ్య ఉన్న అంతరానికి ఆ ప్రాణాలు మూల్యమయ్యాయి.

రవాణా వ్యవస్థ నిలకడను కూడా పరిశీలించాలి. 2018 జులైలో మూసివేసిన లోయర్ పరేల్ డిలైల్ వంతెన పూర్తిగా తిరిగి తెరుచుకునేసరికి 2023 నవంబరు వచ్చింది. ఐదేళ్ల ఒప్పందం చేసుకున్న సంస్థకు అది ఒప్పందపు కాలమంతటితో సమానం. 2019 మార్చిలో లోయర్ పరేల్ మీదుగా పొడిగించిన మోనోరైలు సేవలను మెరుగుదల పనుల కోసం 2025 సెప్టెంబరులో నిలిపివేశారు. పటంలో గీత ఉన్నంత మాత్రాన సేవ ఉన్నట్లు కాదు.

సామీప్యపు విలువను ఇలా లెక్కించవచ్చు. మూడు వందల మంది ఉద్యోగులున్న కార్యాలయం స్టేషను నుంచి పది నిమిషాలు ఎక్కువ దూరంలో ఉంటే, రానుపోను రోజుకు వంద పనిగంటల కాలం దారిలో పోతుంది. ఆ కాలానికి జీతం చెల్లించనందువల్ల సంస్థ లెక్కల్లో అది కనిపించదు. ఉద్యోగి అలసటలో, మానుకున్న ఉద్యోగంలో, ముఖ్యంగా రాత్రివేళ ఇంటికి వెళ్లే స్త్రీల భద్రతలో కనిపిస్తుంది. అందువల్ల స్థలాన్ని ఎన్నుకునేవారు సెలవురోజు కారులో వెళ్లి చూడడం చాలదు. పనిరోజున ఉదయం తొమ్మిది గంటలకు, సాయంత్రం ఆరు గంటలకు, వీలైతే వానాకాలంలో, స్టేషను నుంచి నడిచి చూడాలి.

9. భద్రత: ఎవరి బాధ్యత?

2017 డిసెంబరు 29న కమలా మిల్స్ ప్రాంగణంలో పైకప్పు రెస్టారెంట్లలో చెలరేగిన అగ్నిప్రమాదంలో 14 మంది చనిపోయారు. ఒకే ఏడాది మూడు నెలల వ్యవధిలో ఒకే వాడలో జరిగిన ఈ రెండు దుర్ఘటనలను కలిపి చూడాలి. ఒకటి వాడ బయటి దారుల ఇరుకును, రెండవది ప్రాంగణం లోపలి వినియోగ మార్పును బయటపెట్టాయి. ఒక పనికి కట్టిన స్థలాన్ని మరొక పనికి మళ్లించినప్పుడు ప్రమాద స్వభావం కూడా మారుతుంది.

2006 నాటి మహారాష్ట్ర అగ్ని నివారణ, ప్రాణరక్షణ చర్యల చట్టం ఈ బాధ్యతను యజమానిపై మాత్రమే ఉంచలేదు. యజమాని గానీ, స్థలాన్ని ఆక్రమించి వాడుకునేవారు గానీ అగ్నిమాపక ఏర్పాట్లు పనిచేసే స్థితిలో ఉంచాలి. ఏటా జనవరిలో, జులైలో లైసెన్సు పొందిన సంస్థ ధ్రువపత్రం సమర్పించాలి. కనుక అద్దెదారు స్వయంగా చూడవలసినవి ఉన్నాయి. భవనానికి నివాసయోగ్యతా పత్రం ఉందా, అందులో పేర్కొన్న వినియోగం కార్యాలయమేనా, చివరి అగ్ని ధ్రువపత్రం ఏ తేదీది, అత్యవసర ద్వారాలు నిజంగా తెరుచుకుంటాయా, అగ్నిమాపక శకటం ప్రాంగణం లోపలికి రాగలదా అని అడగాలి. చవక అద్దెకు ఈ ప్రశ్నల్లో ఒకదానికి జవాబు లేకపోవడమే కారణమైతే, ఆ చవకదనానికి ధర చెల్లించేది అక్కడ కూర్చొని పనిచేసేవారు.

10. తెలుగు నేలకు అన్వయం

హైదరాబాదులో ఇటువంటి వాడలు కొన్ని ఉన్నాయి. నిజాం కాలంలో ఏర్పడిన అజామాబాద్ పారిశ్రామిక ప్రాంతం, ఆల్విన్ వంటి సంస్థలతో పేరుపొందిన సనత్‌నగర్, చిన్న యంత్ర పరిశ్రమలకు నిలయమైన బాలానగర్ వాటిలో ముఖ్యమైనవి. 2017 నవంబరులో మొదలైన మెట్రో మియాపూర్ మార్గం ఎర్రగడ్డ, బాలానగర్ మీదుగా సాగుతుంది. 2020 ఫిబ్రవరి 7న తెరుచుకున్న జేబీఎస్–ఎంజీబీఎస్ మార్గంలోని ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ స్టేషన్లు అజామాబాద్‌కు సమీపంలో ఉన్నాయి. పాత పరిశ్రమ, కొత్త రవాణా ఇక్కడ కూడా కలుసుకున్నాయి.

అజామాబాద్‌కు ఒక ప్రత్యేకత ఉంది. అక్కడి స్థలాలను ప్రభుత్వం పరిశ్రమలకు లీజుకు ఇచ్చింది. ఆ లీజుల రద్దు, క్రమబద్ధీకరణ కోసం 1992లో ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది. ముంబయి మిల్లు ప్రాంగణాల్లోని హక్కుల గొలుసు సమస్య ఇక్కడ మరింత సూటిగా ఎదురవుతుంది. పరిశ్రమ కోసం ఇచ్చిన ప్రభుత్వ భూమిలో కార్యాలయానికి చోటు అద్దెకు తీసుకునేవారు మూలలీజు షరతులను చదవకుండా సంతకం చేయరాదు.

విధానపరంగా ముంబయి ఇచ్చే పాఠం ఇంకా పెద్దది. పరిశ్రమల నేలను వేరే వినియోగానికి మార్చే అనుమతి దానంతటదే విలువను సృష్టిస్తుంది. ఆ విలువలో నగరానికి ఎంత, పాత కార్మికులకు ఎంత, యజమానికి ఎంత అన్నది అనుమతికి ముందే తేలాలి. 1991 నాటి సూత్రం ఆ ప్రశ్నకు ఒక జవాబు ఇచ్చింది. 2001 నాటి ఒక నిర్వచనపు మార్పు ఆ జవాబును చాలావరకు రద్దు చేసింది. ఖాళీ స్థలం అనే రెండు మాటలకు చెప్పిన అర్థం వందల ఎకరాల భవితవ్యాన్ని నిర్ణయించింది.

11. ముగింపు

పాత పారిశ్రామిక వాడలోని కార్యాలయ అద్దె నాలుగు పొరల సమాహారం. అడుగున నేల చరిత్ర, దానిపై భూవినియోగ అనుమతి, ఆపై ప్రజాధనంతో ఏర్పడిన రవాణా, అన్నిటికన్నా పైన కట్టడపు సౌకర్యం ఉంటాయి. అద్దె ప్రకటనలో పై పొర ఒక్కటే కనిపిస్తుంది. మిగిలిన మూడింటిని చదవగలిగినవారే ఆ అద్దె న్యాయమైనదో కాదో చెప్పగలరు.

అద్దెదారు స్థాయిలో ఈ పరిశీలన నుంచి తేలేవి స్పష్టమైన పనులు. వాడుకోదగిన విస్తీర్ణంపై ఖర్చును లెక్కించాలి. హక్కుల గొలుసును మూలం వరకు పరిశీలించాలి. ఒప్పందం లీజా, లైసెన్సా అన్నది గ్రహించి దానికి తగిన రక్షణలు రాయించుకోవాలి. స్టేషను దూరంతో పాటు దాని సామర్థ్యాన్ని చూడాలి. భద్రతా పత్రాలను స్వయంగా చదవాలి. నగర స్థాయిలో తేలేది ఒకటే: స్టేషను పక్కన నేల విలువను పెంచే అనుమతి, ఆ స్టేషను మోయవలసిన మనుషుల లెక్క ఒకే దస్త్రంలో ఉండాలి. పద్మశాలి నేతగాడు నడిచి వెళ్లిన దారిలోనే నేడు వేలాది ఉద్యోగులు నడుస్తున్నారు. ఆ దారి వెడల్పును లెక్కలోకి తీసుకోని ప్రణాళిక ఎంత అద్దె తెచ్చిపెట్టినా అసంపూర్ణమే.